ప్లేయర్‌ని వెనక్కి తిప్పి చూసి కొనండి

ముందు మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు చెప్తాను, తప్పయితే దిద్దండి. హాల్లో ఒక స్టీరియో ఆంప్లిఫయర్, ఒక పాత సీడీ ప్లేయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. ఆంప్లిఫయర్ వెనక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ ఇన్‌పుట్లు (మామూలు అనలాగ్ ఆడియో తీగలు తగిలించే గుండ్రటి సాకెట్లు) తప్ప ఇంకేమీ లేవు. ఇంట్లో 60 దాకా మామూలు సీడీలు, ఎక్కువగా తెలుగు సినిమా పాటలు, కొంచెం కర్ణాటక సంగీతం. న్యూజెర్సీలో ఉన్న మీ అన్నయ్య సంక్రాంతికి వస్తూ 8 ఎస్ఏసీడీలు (సూపర్ ఆడియో సీడీలు), 2 డీవీడీ-ఆడియో డిస్కులు తెస్తున్నారు. రెండూ మామూలు సీడీ కంటే ఎక్కువ నాణ్యత కోసం చేసిన పాటల డిస్కులే. బడ్జెట్ 15 వేలు. షాపులో ఎవరో "4కే బ్లూ-రే ప్లేయర్ తీసుకోండి సార్, అన్ని డిస్కులూ ఆడతాయి" అన్నారు. అది తీసుకోవాలా, పాత సెకండ్ హ్యాండ్ ప్లేయర్ వెతకాలా అన్నది మీ ప్రశ్న.

షాపతను అబద్ధమేమీ చెప్పలేదు. సోనీ యూబీపీ-ఎక్స్800ఎం2 లాంటిది తీసుకుంటే ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో, బ్లూ-రే అన్నీ చదువుతుంది. కానీ ఆ పెట్టెని ఒకసారి వెనక్కి తిప్పి చూడమనండి. రెండు హెచ్‌డీఎంఐ సాకెట్లు, ఒక కోయాక్సియల్ డిజిటల్ సాకెట్. మీకు కావలసిన ఎరుపు, తెలుపు జత దానికి లేదు. డిస్కు లోపల చక్కగా తిరుగుతూనే ఉంటుంది, మీ స్పీకర్లలోంచి మాత్రం ఏమీ రాదు. సోనీ బీడీపీ-ఎస్6700 కూడా అంతే. ఎస్ఏసీడీ ఆడుతుంది, అనలాగ్ అవుట్‌పుట్ లేదు.

"కోయాక్సియల్ ఉంది కదా, దానికి ఒక చిన్న డాక్ తగిలిస్తే సరి" అని మీకు వెంటనే తట్టి ఉంటుంది. డాక్ అంటే డిజిటల్ సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి అర్థమయ్యే అనలాగ్‌గా మార్చేది. మామూలు సీడీకి అది పనిచేస్తుంది, బాగా పనిచేస్తుంది. ఎస్ఏసీడీకి మాత్రం పనిచేయదు. కాపీలు కొడతారన్న భయంతో కంపెనీలు మొదటి నుంచీ ఈ దారి మూసేశాయి. కోయాక్సియల్, ఆప్టికల్ తీగల్లో ఎస్ఏసీడీ అసలు సిగ్నల్ వెళ్లదు. కొన్ని ప్లేయర్లు తగ్గించి పంపుతాయి, కొన్ని ఏమీ పంపకుండా ఊరుకుంటాయి. డీవీడీ-ఆడియోదీ ఇదే కథ, ఆ దారిలో 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల నమూనాలు) దాటనివ్వరు. ఈ డిస్కుల్లో ఉన్నది పూర్తిగా బయటికి రావాలంటే మామూలుగా దారులు రెండే. ఒకటి హెచ్‌డీఎంఐ, రెండోది ప్లేయర్‌లోనే ఉన్న డాక్ ద్వారా ఆర్‌సీఏ. మీ ఆంప్లిఫయర్‌కి హెచ్‌డీఎంఐ లేదు. అంటే మీకు మిగిలింది ఒకటే దారి: సొంత ఆర్‌సీఏ అవుట్‌పుట్ ఉండి, ఎస్ఏసీడీ చదివే ప్లేయర్. ఈ ఒక్క షరతుతో మార్కెట్లో ఉన్న కొత్త మోడళ్లలో చాలావరకు మీ లిస్టులోంచి ఎగిరిపోతాయి. టెన్షన్ పడకండి, దానివల్ల మీ డబ్బు మిగులుతుంది.

హెచ్‌డీఎంఐలోంచి శబ్దాన్ని విడదీసి ఆర్‌సీఏకి ఇచ్చే చిన్న డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నేను ఒకటి వాడి పక్కన పెట్టేశాను. చవకరకంవి "నాకు ఇంతే చేతనవును" అని ప్లేయర్‌కి తక్కువ లెక్క చెప్తాయి, ప్లేయర్ దాన్ని నమ్మి 48 కిలోహెర్ట్జ్‌కి దింపి పంపుతుంది. అంత డబ్బు పోసి హై-రెజల్యూషన్ డిస్కు కొన్నది దానికోసం కాదు కదా.

ఇప్పుడు డిస్కుల సంగతి కొంచెం, ఎందుకంటే నేను పప్పులో కాలేసింది ఇక్కడే.

మామూలు సీడీ 1982లో వచ్చింది. 16 బిట్లు, సెకనుకు 44,100 నమూనాలు, అంటే సెకనులో అన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తారు. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో ఎస్ఏసీడీ తెచ్చాయి. అందులో పద్ధతే వేరు, నమూనాకి ఒకే బిట్టు, కానీ సెకనుకు 28,22,400 సార్లు. సీడీ వేగానికి సరిగ్గా 64 రెట్లు. దీన్నే డీఎస్‌డీ అంటారు. ఆ మరుసటి ఏడాది పోటీగా డీవీడీ-ఆడియో వచ్చింది. అది సీడీలో ఉన్న పాత పద్ధతే (దాన్ని పీసీఎం అంటారు), లెక్కలు పెద్దవి. స్టీరియోలో 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. రెండూ కొట్టుకుని రెండూ జనంలోకి పెద్దగా పోలేదు. ఎస్ఏసీడీలు మాత్రం జపాన్‌లో, యూరప్‌లో ఇప్పటికీ కొద్దికొద్దిగా వస్తున్నాయి, ముఖ్యంగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్.

మీ అన్నయ్య తెచ్చేవాటిలో ఎక్కువ హైబ్రిడ్ ఎస్ఏసీడీలే అయి ఉంటాయి. ఒకే డిస్కులో రెండు పొరలుంటాయి. కింది ముఖం నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతులో ఎస్ఏసీడీ పొర, 1.2 మిల్లీమీటర్ల లోతులో మామూలు సీడీ పొర. మామూలు సీడీ ప్లేయర్ లేజర్ (780 నానోమీటర్లు) ఎస్ఏసీడీ పొరని దాటుకుని సీడీ పొర చదువుతుంది. డీవీడీ తరహా 650 నానోమీటర్ల లేజర్ అయితే ఎస్ఏసీడీ పొర చదువుతుంది. అందుకే ఆ డిస్కు మీ పాత సీడీ ప్లేయర్‌లో కూడా ఆడుతుంది. సౌకర్యమే, కానీ మోసపోవడానికి కూడా అదే సందు.

నేను మొదటి ఎస్ఏసీడీ ప్లేయర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాడినీ సోఫాలో కూర్చోబెట్టి వినిపించాను. "ఆ వయొలిన్ తీగ మీద కమాను రాసుకోవడం వినపడుతోందా? సీడీలో ఇది రాదు" అని చెప్పేవాణ్ణి. మూడు నెలలయ్యాక మా బావమరిది వచ్చాడు. కళ్లజోడు సర్దుకుని ప్లేయర్ దగ్గరికి వంగి, "బావా, ఇక్కడ సీడీ అని వెలుగుతోందేంటి?" అన్నాడు. సెట్టింగుల్లో సీడీ పొరకి పెట్టి ఉంది. పాత యజమాని అలా వదిలేశాడు, నేను చూసుకోలేదు. మూడు నెలలు నేను మురిసిపోయింది మామూలు సీడీ విని! మా ఇంట్లో ఇప్పటికీ కొత్త వస్తువు ఏది కొన్నా "అది ఏ పొరో చూశావా" అని అడుగుతారు.

ఈ కథ చెప్పింది నవ్వించడానికే కాదు. మీరు కొనే ప్లేయర్‌కి ముందు వైపు డిస్‌ప్లే ఉంటే మంచిది. సన్నటి బ్లూ-రే ప్లేయర్లలో చాలావాటికి ఉండదు, ఏ పొర ఆడుతోందో తెలుసుకోవాలంటే టీవీ ఆన్ చేయాలి. పాట వినడానికి టీవీ వెలిగించడం నాకైతే చిరాకు.

ఇంకో విషయం కూడా ఆ మూడు నెలలు నేర్పాయి. పొరల మధ్య తేడా నేననుకున్నంత లేదు. దీని మీద జరిగిన పరీక్షలూ ఆ మాటే చెప్తాయి. 2007లో బోస్టన్ ఆడియో సొసైటీకి చెందిన మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో శబ్దాన్ని మధ్యలో సీడీ స్థాయికి దింపి, ఏది ఏదో చెప్పమని అడిగారు. 554 సార్లలో సరైన జవాబు వచ్చింది 276 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వచ్చేది. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన రైస్ అలాంటి 18 ప్రయోగాలని, మొత్తం 12,500కి పైగా ప్రయత్నాలని కలిపి చూస్తే సరైన జవాబులు 52.3 శాతం. తేడా ఉందనడానికి ఆ అంకె సరిపోతుంది, అది ఎంత చిన్నదో కూడా అదే చెప్తుంది.

మరి ఎస్ఏసీడీలు ఎందుకు బాగుంటాయి? నా ఉద్దేశంలో ఫార్మాట్ కంటే మాస్టరింగ్ (డిస్కు అచ్చుకి వెళ్లేముందు ఇంజనీరు శబ్దానికి చేసే చివరి సర్దుబాటు) ముఖ్యం. ఎస్ఏసీడీ కొనేవాడు శ్రద్ధగా వింటాడని తెలిసి ఇంజనీరు కూడా శ్రద్ధగా చేస్తాడు. కారులోనూ ఆటోలోనూ గట్టిగా వినపడాలని అన్ని శబ్దాలనీ ఒకే ఎత్తుకి నొక్కేయడం అక్కడ తక్కువ. అందుకని మీరు డబ్బు పెట్టాల్సింది డిస్కుల మీద. "ఇందులో ఫలానా డాక్ చిప్ ఉంది" అని రెట్టింపు ధర చెప్పేవాళ్ల దగ్గర కాదు. డీఎస్‌డీని లోపల పీసీఎంగా మార్చే ప్లేయర్ పనికిరాదని కొందరంటారు. ఆ తేడా కళ్లకు గంతలు కట్టి వినిపిస్తే గుర్తుపట్టినవాణ్ణి నేనింకా చూడలేదు.

మీ దగ్గరున్న 60 సీడీల సంగతి మర్చిపోకండి. పది రోజుల్లో తొమ్మిది రోజులు మీరు వేసుకునేది అవే. ఈ మూడు రకాల డిస్కుల్లో చూస్తే తెలుగు సినిమా పాటలు దాదాపు అన్నీ మామూలు సీడీల మీదే వచ్చాయి. కాబట్టి మీ ప్లేయర్ మొదట మంచి సీడీ ప్లేయర్ అయి ఉండాలి: డిస్కు పెట్టగానే పాట మొదలుపెట్టాలి, గీతలు పడ్డ డిస్కుని కాస్త ఓర్చుకోవాలి, ఒక ట్రాక్‌కీ ఇంకో ట్రాక్‌కీ మధ్య ఆగకూడదు. కచేరీ రికార్డింగుల్లో ఆలాపన ఒక ట్రాక్, కృతి ఇంకో ట్రాక్‌గా కోసి ఉంటుంది. కొన్ని బ్లూ-రే ప్లేయర్లు ఆ అతుకు దగ్గర అర సెకను మింగేస్తాయి. ఒకసారి గమనిస్తే ఇక ప్రతిసారీ అదే వినపడుతుంది. ఫుట్‌పాత్ మీద కొన్న 150 పాటల ఎంపీ3 సీడీలు ఉంటే మాత్రం వాటికి ఏ ప్లేయరూ సాయం చేయలేదు. అందులో పోయింది పోయిందే.

ఇక మోడళ్లు. మీలాంటివాళ్లకి నేను మొదట చెప్పేది సోనీ బీడీపీ-ఎస్370. 2010 నాటిది. మామూలు బ్లూ-రే ప్లేయర్‌లా కనిపిస్తుంది కాబట్టి అమ్మేవాళ్లకే అది ఎస్ఏసీడీ ఆడుతుందని తెలియదు, అదే మన అదృష్టం. వెనక ఆర్‌సీఏ జత ఉంది. డీవీడీ-ఆడియో మాత్రం ఆడదు. మీ దగ్గర అలాంటివి రెండే కాబట్టి దానికోసం నేను బెంగపడను. పైగా డీవీడీ-ఆడియో డిస్కుల్లో చాలావాటిలో మామూలు డీవీడీ ప్లేయర్లకోసం డాల్బీ లేదా డీటీఎస్ ట్రాక్ విడిగా పెడతారు. పాట వినపడుతుంది, పూర్తి నాణ్యతతో కాదు, అంతే.

డీవీడీ-ఆడియో కూడా పూర్తిగా కావాలనుకుంటే పాత "యూనివర్సల్" డీవీడీ ప్లేయర్లు చూడండి. పయనీర్ డీవీ-610ఏవీ, అంతకుముందు వచ్చిన డీవీ-575ఏ, డెనాన్ డీవీడీ-2910 ఈ కోవలోవి. అన్నిటికీ ఆర్‌సీఏ ఉంది, ముందు డిస్‌ప్లే ఉంది, రెండు రకాల డిస్కులూ ఆడతాయి. డెనాన్ బరువుగా, గట్టిగా ఉంటుంది. కానీ ఇవన్నీ వయసు మీద పడ్డవి. లేజర్ అరిగిపోయి ఉంటే అదే రకం లేజర్ దొరకడం కష్టం, దొరికినా వేసే చేయి దొరకడం ఇంకా కష్టం. మంచి కండిషన్‌లో ఉన్నది కళ్లారా చూస్తేనే తీసుకోండి, కొరియర్‌లో తెప్పించుకోకండి.

ఒప్పో పేరు ఎవరైనా చెప్తారు. బీడీపీ-83, బీడీపీ-103 నిజంగా గొప్ప ప్లేయర్లు, అన్నీ ఆడతాయి. 2018లో కంపెనీ ప్లేయర్ల తయారీ ఆపేసింది, అప్పటినుంచి వాటి ధర దిగడం మానేసింది. మీ 15 వేలకి ఎవరైనా ఒప్పో ఇస్తానంటే ముందు దానికేమైందో అడగండి. పానాసోనిక్ డీపీ-యూబీ820కి ఆర్‌సీఏలు ఉన్నాయని కొందరు సలహా ఇస్తారు. అది సినిమాలకి అద్భుతం, ఎస్ఏసీడీ అసలు చదవదు.

ఎప్పుడైనా హెచ్‌డీఎంఐ ఉన్న ఏవీ రిసీవర్ (హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్) కొనే ఆలోచన ఉంటే అప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు ఎక్స్800ఎం2 హాయిగా తీసుకోవచ్చు. ప్లేయర్ తీగ నేరుగా రిసీవర్‌కి వెళ్లాలి, టీవీకి కాదు. టీవీకి పెట్టి అక్కడినుంచి మామూలు ఏఆర్‌సీతో (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే తిప్పి పంపే ఏర్పాటు) వెనక్కి తెచ్చుకుంటే మళ్లీ శబ్దం కుదించుకుపోతుంది. కానీ ఈ పది డిస్కులకోసం బాగున్న ఆంప్లిఫయర్ తీసేయకండి.

"అన్నయ్యనే అక్కడ ఒక ప్లేయర్ కొని తెమ్మంటే?" అని కూడా రాశారు. తేవచ్చు, కానీ వెనక ఉన్న చిన్న ప్లేటు మీద ఏం రాసి ఉందో ముందు ఫోటో తీసి పంపమనండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి పెట్టిన క్షణంలో పొగ వస్తుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, కానీ అది రాత్రంతా ఊఁ అని మూలుగుతుంటే ఎస్ఏసీడీ ప్రశాంతంగా ఎలా వింటారు? రీజియన్ గొడవ పాటల డిస్కులకి లేదు. ఎస్ఏసీడీకి రీజియన్ కోడ్ అన్నదే లేదు. సినిమా బ్లూ-రేలకి ఉంటుంది, అమెరికా ఏ, మనది సీ. ఆ ప్లేయర్‌లో మనవైపు సినిమా డిస్కులు కొన్ని ఆడకపోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొనడానికి వెళ్లేటప్పుడు చేతిలో మీ డిస్కులు ఉండాలి, వాళ్లవి కాదు. నేనొకసారి ఒక చిన్న షాపులో మొదటి పాట విని, బాగుందని డబ్బులిచ్చి వచ్చేశాను. ఇంటికొచ్చాక తొమ్మిదో పాట దగ్గర మొదలైంది: ట్ట్ట్ట్ అంటూ నత్తి. డిస్కు లోపలి అంచు నుంచి బయటి అంచుకి చదువుతుంది. లెన్స్‌ని జరిపే పట్టాలు ఎండిపోయి ఉంటే మొదటి పాటలు బానే ఆడతాయి, చివరికొచ్చేసరికి తడబడుతుంది. అప్పటినుంచి నేను డిస్కు పెట్టగానే చివరి పాటకి దూకుతాను. తర్వాత మొదటిదానికి, మళ్లీ చివరిదానికి. ఆ తర్వాత హైబ్రిడ్ డిస్కులో ఎస్ఏసీడీ పొర. సీడీకీ ఎస్ఏసీడీకీ లేజర్లు వేరు కాబట్టి ఒకటి బతికి ఇంకోటి చచ్చి ఉండొచ్చు. అమ్మేవాడి దగ్గర ఎస్ఏసీడీ ఉండదు, కాబట్టి అన్నయ్య వచ్చేదాకా ఆగడమే తెలివి. లేదా ముందే ఒక డిస్కు ఎవరితోనైనా పంపించమనండి. మామూలు డీవీడీ ఆడిందంటే ఎస్ఏసీడీ చదివే ఎర్ర లేజర్ బతికున్నట్టే, కానీ పూర్తి భరోసా ఎస్ఏసీడీ పెట్టి చూస్తేనే.

రిమోట్ లేకుండా ఇచ్చేది తీసుకోకండి. పొర మార్చడం, డీవీడీ-ఆడియోలో గ్రూపు ఎంచుకోవడం లాంటివి రిమోట్‌లోనే ఉంటాయి. ట్రే పదిసార్లు తెరిచి మూయండి. సగంలో ఆగి ఆలోచిస్తే లోపల రబ్బరు బెల్టు సాగిపోయిందని అర్థం. అది చిన్న ఖర్చే, దాన్ని చూపించి బేరం ఆడొచ్చు. హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల తిరగండి. కొనకపోయినా పాత ప్లేయర్లు రిపేరు చేసేవాళ్లెవరో వాకబు చేసుకుని రావచ్చు.

ఇంటికి తెచ్చాక ఒక్కసారి టీవీకి తగిలించి సెట్టింగులు చూడాలి. సోనీలో "సూపర్ ఆడియో సీడీ ప్లేబ్యాక్ లేయర్" అని ఉంటుంది, దాన్ని ఎస్ఏసీడీకి పెట్టండి (నా మూడు నెలలు గుర్తుపెట్టుకోండి). దాని పక్కనే ఛానళ్లు అడుగుతుంది, అక్కడ "డీఎస్‌డీ 2 ఛానల్" పెట్టండి. చాలా ఎస్ఏసీడీల్లో స్టీరియోకి వేరే, ఐదారు స్పీకర్లకి వేరే మిక్స్ ఉంటాయి. మీకున్నది రెండు స్పీకర్లు, ఇంజనీరు రెండు స్పీకర్లకోసం చేసినదే వినండి. పోల్చి చూడాలనిపిస్తే వాల్యూమ్ సమం చేసుకోండి. ఎస్ఏసీడీ పొర తరచు కొంచెం తక్కువ శబ్దంతో ఉంటుంది, మన చెవికి గట్టిగా వినపడేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

మీరు పంపిన ఫోటోలో ఒకటి చూశాను, చెప్పకుండా ఉండలేను. స్పీకర్లు షోకేస్ అరల్లో, కొండపల్లి బొమ్మల మధ్య ఉన్నాయి. ఆ చెక్క పెట్టె కూడా స్పీకర్‌తో పాటు పాడుతోంది, అందుకే మీకు మృదంగం బొంగురుగా వినపడుతోంది. రెండు స్టాండ్లు చేయించి, గోడకి ఒక అడుగు ముందుకి జరిపి, మీరు కూర్చునే కుర్చీ వైపు కాస్త తిప్పండి. వడ్రంగి చేసే రెండు టేకు స్టాండ్లకయ్యే ఖర్చుతో వచ్చే తేడా సీడీకీ ఎస్ఏసీడీకీ మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువ. ఎస్ఏసీడీ వినేటప్పుడు ఫ్యాన్ ఐదు మీంచి రెండుకి దింపండి. డిస్కులో ఉన్న ఆ నిశ్శబ్దమంతా ఫ్యాన్ రెక్కల కింద నలిగిపోతుంది. మే నెలలో ఇది కుదరదని నాకూ తెలుసు.

నేనైతే మీ స్థానంలో ఇలా చేస్తాను: ఎస్370 కోసం నెలా రెండు నెలలు ఓపిగ్గా వెతుకుతాను, మిగిలిన డబ్బు స్టాండ్లకి పెడతాను, ప్లేయర్ కొనకముందే అన్నయ్య తెచ్చిన హైబ్రిడ్ డిస్కులు మామూలు సీడీ ప్లేయర్‌లో వేసుకుని వింటూ ఉంటాను. ఏదైనా దొరికితే అడ్వాన్స్ ఇచ్చే ముందు దాని వెనక భాగం ఫోటో ఇక్కడ పెట్టండి. వోల్టేజీ ప్లేటు మీద అక్షరాలు కనపడేలా తీయండి, ఫ్లాష్ ఆపేసి.